రేపు వెళ్తారా, మామ్మగారూ?

ఆ విమానాశ్రయంలో మనిషిని తూచకుండా విమానం ఎక్కించరు. తొమ్మిది సీట్ల బుల్లి విమానం మరి; అందులో పైలట్ పక్క సీటు కూడా ప్రయాణికుడిదే. ఎవరి బరువెంతో తెలియకపోతే ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు. అందుకని కౌంటరు పక్కనే నేలమీద ఒక కాటా ఉంటుంది. చేతిసంచితో సహా దానిమీద నిలబడాలి. అంకెలు కౌంటరు లోపలివైపుకి తిరిగి ఉంటాయి, అక్కడ నిలబడే చిగుసకు తప్ప ఇంకెవరికీ కనబడవు. చూసిన అంకెను పైకి అనకూడదు. కంపెనీ పెట్టిన నియమాల్లో చిగుస ఒక్కసారి కూడా తప్పనిది ఇదొక్కటే.

సోమవారం పొద్దున్నుంచీ వాన. ఉత్తరపు గాలికి సముద్రం లేచి పడవ రద్దయింది. జనవరిలో జపాను దక్షిణపు కొసన ఉన్న ఆ దీవులన్నిటికీ ఇది మామూలే. పడవ లేనిరోజున పెద్ద దీవికి పోవాలంటే ఊరంతటికీ దిక్కు ఈ ఒక్క విమానం. వచ్చినవాళ్ళు గొడుగులు దులుపుకుంటూ వరసలో నిలబడ్డారు. ఒకావిడ కాటా ఎక్కేముందు జేబులోని చిల్లరంతా తీసి వెనకావిడ చేతికిచ్చింది. "అది కూడా లెక్కేనమ్మా, మీ వెనకావిడ లెక్కలో పడుతుంది," అంది చిగుస. వరసంతా నవ్వింది.

చెరుకు మిల్లులో పనికి ఎక్కడో ఉత్తరాదినుంచి వచ్చిన షిరాకి ఎక్కాడు. దుక్కలాంటి మనిషి, పైగా చంకలో నల్లబెల్లం పెట్టె. అతని తర్వాత త్సురు ఎక్కింది.

త్సురుకు డెబ్భై దాటాయి. ఊరి చివర ఒంటిగా ఉంటుంది, ఉల్లిపాయలు పండిస్తుంది. కాటా ఎక్కేముందు చెప్పులు విప్పి, వాటిని చేత్తో పట్టుకుని ఎక్కడం ఆవిడ అలవాటు. ఎన్నిసార్లు వద్దన్నా అంతే. ఆరోజు దళసరి కోటు వేసుకుంది, చేతిలో నిండుగా నీలం సంచి ఉంది. అయినా కిందటిసారికంటే అంకె బాగా కిందికి దిగింది. పెన్ను పట్టుకున్న చిగుస చెయ్యి కాస్త ఆగింది. తర్వాత రాసేసి, "దిగండి మామ్మగారూ," అంది. వరసలో ఇంకా మనుషులున్నారు.

తూచడం అయ్యాక చిగుస తెల్ల చేతితొడుగులు తొడుక్కుని ఆ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళందరికీ మళ్ళీ కొత్తగా స్వాగతం చెప్పింది. అక్కడ సంచులు చూసేదీ తనే. ఆ తర్వాత తలుపు దగ్గర టికెట్లు చింపేదీ తనే. ఊళ్ళోవాళ్ళకి అదొక వేళాకోళం, "కౌంటర్లో ఉన్న మీ అక్క కొంచెం చిరాకు మనిషండీ, మీరు నయం," అంటుంటారు.

"చిగుసమ్మా, తడి ఎక్కువగా ఉందట. ఒకర్ని ఆపితేగాని కుదరదంటున్నాడు పైలట్," అన్నాడు మోరిహిదె, వాకీటాకీ చెవి దగ్గర్నుంచి తీసి. సామాను మోసేదీ, జెండాలూపి విమానాన్ని నిలబెట్టేదీ, అది దిగేటప్పుడు నిప్పులార్పే బండిలో సిద్ధంగా కూర్చునేదీ మోరిహిదే. మనిషొక్కడే, టోపీలు మూడు.

రన్‌వే చిన్నది. వానకి తడిస్తే విమానం తొందరగా ఆగదు, అందుకని బరువు తగ్గించాలి. అలాంటప్పుడు మైకులో అడగాలి, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళని ఆపాలి. చిగుస మైకు జోలికి పోలేదు. తిన్నగా త్సురు దగ్గరికి నడిచింది.

మధ్యలో షిరాకి లేచి నిలబడ్డాడు. "నేను ఆగుతానండీ. మిల్లులో రెండ్రోజులు మరమ్మతు, నాకు పనేం లేదు. ఊరికే షికారుకెళ్తున్నాను."

"మీరు కూర్చోండి షిరాకి గారూ. మీకెందుకు శ్రమ," అని చిగుస అతన్ని దాటుకుని వెళ్ళి త్సురు ముందు గొంతుక్కూర్చుంది. "మామ్మగారూ, మీతో ఒక సాయం..."

అప్పటికే త్సురు సంచి చేతికి తీసుకుంది.

"రేపు వెళ్తారా, మామ్మగారూ?"

"ఏం ఫర్వాలేదమ్మా."

ఎప్పుడూ ఆ మాటే. కిందటి నెలలోనూ అంతే, అంతకుముందు తుఫాను రోజుల్లోనూ అంతే. చిగుస లెక్క మళ్ళీ వేసింది. త్సురు దిగినా బరువు ఇంకా కాస్త ఎక్కువే ఉంది. షిరాకి బెల్లం పెట్టె కూడా దింపాల్సొచ్చింది. ఆ పెట్టెను బండిమీంచి తీస్తూ మోరిహిదె గొణిగాడు, "ఆవిణ్ణి దింపితే ఏం తగ్గుద్ది? నా గొడుగంత ఉంటది మనిషి. ఆ కుర్రాడు ఆగుతానంటున్నాడుగా!"

చిగుస వినిపించుకోనట్టు కాగితం మడిచింది.

విమానం కదిలింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం చిగుస, మోరిహిదె వానలో పక్కపక్కన నిలబడి అది మబ్బుల్లో కలిసిపోయేదాకా రెండు చేతులూ ఊపారు. కంచె ఇవతల గొడుగు కింద త్సురు కూడా చెయ్యి ఊపింది, లోపల తనవాళ్ళెవరో ఉన్నట్టు.

మోరిహిదె టోపీలు తగిలించేసి భోజనానికి ఇంటికి పోయాడు. ఇక సాయంత్రం తలుపులు మూసేదాకా అక్కడ ఎవరూ రారు. ఖాళీ కుర్చీలు, మూలన చప్పుడు చేస్తూ కూల్‌డ్రింకుల యంత్రం. ఆ పూటంటే చిగుసకు భయం. ఇంటికి పోయినా కంపెనీ ఇచ్చిన ఒంటిగదే కాబట్టి ఆ భయానికి విరుగుడు లేదు. త్సురు ఆగిపోయిన రోజుల్లో మాత్రం వేరు. ఫ్లాస్కులోంచి మల్లెపూల టీ పోసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెడుతుంది.

"మా అమ్మాయి నాహా పట్నంలో రాత్రిపూట పనిచేస్తోంది కదా మామ్మగారూ, నాలుగు రోజులైంది ఫోనెత్తి. ఎత్తినా ఏమంటుందో తెలుసా? 'పనిలో ఉన్నా, పెట్టెయ్యి' అంటుంది. పెట్టెయ్యడానికా చేసేది? అసలు నేనేం తప్పు చేశానని? వాళ్ళ నాన్న చేస్తే ఇలాగే అంటుందా?"

"పొద్దున్నపూట చేసి చూశావా?"

"పొద్దున్న నాకెక్కడ కుదురుతుంది, ఇక్కడికి రావాలి కదా..."

త్సురు తలూపుతూ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని వింది. బస్సు వచ్చేదాకా చిగుస చెబుతూనే ఉంది. ఆవిడ టీ చల్లారిపోయిన సంగతి కప్పు కడిగేటప్పుడుగాని చూసుకోలేదు.

మంగళవారం వాన తగ్గింది గాని మబ్బు కిందికి దిగింది. విమానం చప్పుడు నెత్తిమీద వినబడింది, ఒకసారి చుట్టు తిరిగింది, మళ్ళీ దూరమైపోయింది. నిప్పులార్పే బండిలోంచి దిగుతూ మోరిహిదె చేతులు అడ్డంగా ఊపాడు. రద్దు. చిగుస మైకులో క్షమాపణ చెప్పి, కౌంటరు వెనక నిలబడి ఒక్కొక్కరికీ తల వంచి, అందరి టికెట్లూ మర్నాటికి మార్చింది. మబ్బు దిగితే మీరెందుకమ్మా క్షమాపణ చెప్పడం అని ఎవరో అంటే నవ్వులు లేచాయి.

అందరూ పోయాక త్సురు కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది. "రేపు వస్తుందంటావా, అమ్మా?"

చిగుస తలెత్తి చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"వస్తుందిలెండి. ఏం, తొందరా?"

"అబ్బే, ఏం ఫర్వాలేదు," అని త్సురు సంచి పైకెత్తబోయింది. పాత సంచి, పిడి పుటుక్కున తెగింది. జిప్పు విడిపోయి లోపలివన్నీ తడి నేలమీద పడ్డాయి. చిగుస గబగబా ఇవతలికి వచ్చి మోకాళ్ళమీద కూర్చుని ఏరసాగింది. మెత్తటి చెప్పుల జత. ముందువైపు ముడులు వేసుకునే రాత్రి చొక్కాలు. తువ్వాళ్ళు. పిడి ఉన్న ప్లాస్టిక్ కప్పు. అన్నిటికీ తెల్లగుడ్డ ముక్క మీద పేరు రాసి కుట్టి ఉంది. కప్పుకు మాత్రం అతికించారు.

నిన్న ఈ సంచిని తనే తెరిచి చూసింది. కత్తెర ఉందా, అగ్గిపెట్టె ఉందా అని చూసింది. ఇవి కూడా కనబడే ఉంటాయి.

"ఆసుపత్రికా?" అంది చిగుస.

త్సురు పక్కన గొంతుక్కూర్చుని తువ్వాలు మడత పెట్టింది. "సోమవారం రమ్మన్నారు. కడుపులో ఏదో ఉందట, కోసి తీస్తారట. నిన్న ఫోన్ చేసి, విమానం దొరకలేదండీ అన్నాను. బుధవారం సాయంత్రం దాకా మంచం ఉంచుతాం, ఆపైన ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు. తర్వాత మళ్ళీ ఎప్పటికి ఖాళీ అవుద్దో చెప్పలేరట. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది పాపం."

"దొరకలేదా! దొరికింది మామ్మగారూ, నేను దింపాను మిమ్మల్ని! ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగావు కదమ్మా."

"అడిగితే? కాదనకూడదా?"

త్సురు చెప్పుల జతను అటూ ఇటూ తిప్పి, మడమలు ఒకవైపుకి వచ్చేలా సర్ది సంచిలో పెట్టింది. "ఈ ఊళ్ళో నన్ను సాయం అడిగేదెవరు చెప్పు? ఉల్లిపాయలు కావాలంటే కొట్లో కొనుక్కుంటారు. నువ్వలా నా ఎదురుగా వచ్చి కూర్చుంటే కాదనబుద్ధి కాదు." అని చిన్నగా నవ్వింది. "బస్సు వచ్చింది. తాడుంటే ఇస్తావా, పిడికి కట్టుకుంటాను."

చిగుస సామాను కట్టే తాడు తెచ్చి పిడికి నాలుగు చుట్లు చుట్టి ముడి వేసింది. గట్టిగా ఉందో లేదో లాగి చూసి, మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

సాయంత్రం సైకిలు మీద గదికి పోతుంటే రెండువైపులా చెరుకు తడిసి వంగి ఉంది. షిరాకి లేచి నిలబడటమే కళ్ళముందు ఆడుతోంది. పనేం లేదన్నాడు, షికారుకన్నాడు. లెక్క ప్రకారం ఆపాల్సింది అతన్నే, పెట్టె కూడా దింపక్కర్లేకపోయేది. మరి ఎందుకు వద్దన్నట్టు? ఆవిడైతే కాదనదు కాబట్టి, అని మొదట తనకు తాను చెప్పుకుంది. కాదని తెలుసు. షిరాకి ఆగితే మిల్లు గదికి పోయి పడుకుంటాడు. త్సురు ఆగితే టీ తాగుతుంది. తన మధ్యాహ్నం గడవడానికి ఒక ముసలి మనిషికి మంచం దొరకకుండా చేసింది. చిగుసకు ఒళ్ళు మండింది, తన మీదే. సైకిలు దిగి మిగతా దారంతా నడిచింది.

బుధవారం మళ్ళీ వాన. పడవ ఇంకా లేదు. మబ్బు మాత్రం పైకి లేచింది, విమానం బయల్దేరిందని పెద్ద దీవినుంచి కబురొచ్చింది. చిగుసకు ప్రాణం లేచొచ్చింది.

త్సురు అందరికంటే ముందు వచ్చింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని కాటా ఎక్కింది. చిగుస అంకె చూసింది, రాసింది. ఆఖరున ఆయాసపడుతూ వచ్చినవాడు కోమెసు, గ్రామసభ సభ్యుడు. భారీ మనిషి, చేతిలో చేపలు నింపిన ఐసు పెట్టె. ఒకరు ప్రయాణం మానుకున్నారని తెలిసి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఆ సీటు తీసుకున్నాడు.

"అంకె పైకి చదవొద్దు, ఓట్లు పోతాయి!" అంటూ కాటా ఎక్కాడు. అందరూ నవ్వారు. చిగుసకు నవ్వు రాలేదు, కూడిక అప్పుడే తెలిసిపోయింది.

మోరిహిదె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒకరు."

చిగుస మైకు తీసుకుంది. "ప్రయాణికులకు మనవి. రన్‌వే తడిగా ఉన్నందువల్ల ఈరోజు ఒకరిని తీసుకెళ్ళలేకపోతున్నాము. రేపటి విమానానికి మారడానికి ఎవరైనా దయచేసి ముందుకు వస్తే..."

ఎవరూ కదల్లేదు. ఆమె మాట పూర్తవకముందే తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. త్సురు చెయ్యి తాడు చుట్టిన పిడి మీద పడింది. లేవబోతున్నట్టు ఒళ్ళు ముందుకు వంగింది.

"త్సురక్క ఉందిగా!" అన్నాడు కోమెసు హుషారుగా. "మైకెందుకమ్మా, రోజూ అడిగేదే కదా! అక్కా, రేపు వెళ్దువుగాని."

"ఆవిడ కాదు," అంది చిగుస, మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. మైకు కింద పెట్టి మళ్ళీ అంది, "మామ్మగారూ, కూర్చోండి. ఈరోజు మీరు వెళ్తున్నారు."

"ఏం ఫర్వాలేద..."

"కూర్చోండి!"

త్సురు కూర్చుంది.

"ఆవిడకంత తొందరేంటి?" అన్నాడు కోమెసు. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "అక్కడ ఆవిడకి ఎవరున్నారని?"

చిగుస నోటిదాకా వచ్చింది. కాటా మీది అంకె, సంచిలోని కప్పు, సాయంత్రం దాకా ఉంచిన మంచం, అన్నీ వచ్చాయి. త్సురు తలొంచుకుని తన మోకాళ్ళవైపు చూసుకుంటోంది. చిగుస వాటన్నిటినీ మింగేసింది.

"అది ఆవిడ సంగతి. ఎవరూ ముందుకు రాకపోతే ఆఖరున టికెట్ తీసుకున్నవాళ్ళు ఆగాలి. అది నియమం. మీరు ఆగాలి, కోమెసు గారూ."

"నేనా! సాయంత్రం విందుంది! చేపలు తెస్తానని చెప్పుంచాను! చిగుస గారూ, ఈ హాలుకి కొత్త పైకప్పు ఎవరు వేయించారో తెలుసా?"

మోరిహిదె హాలు మధ్య కారుతున్న చోట పెట్టిన బకెట్టు వైపు చూశాడు. టప్పుమని ఒక చుక్క పడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"పై ఆఫీసుకి ఫోన్ చేస్తాను!"

"చేయండి. నంబరు గోడమీద ఉంది," అంది చిగుస. అని, కౌంటరు వెనకనుంచి వచ్చి, ఆయన ముందు కూడా గొంతుక్కూర్చుంది. "కోమెసు గారూ, మిమ్మల్ని బతిమాలుతున్నాను. రేపు వెళ్తారా?"

ఆయన ఆమె మొహం చూశాడు. ఐసు పెట్టె మీద చెయ్యి వేసి కూలబడ్డాడు. ఆయన ఒక్కడు ఆగడంతో బరువు ఎంత దిగిందంటే, సోమవారం నుంచి మూలన పడి ఉన్న బెల్లం పెట్టెకు కూడా చోటు దొరికింది. అది ఎవరికి చేరాలో సోమవారమే షిరాకి చీటీ రాసి అతికించే ఉంచాడు.

సీట్లు వేస్తే పైలట్ పక్క సీటు త్సురుకు వచ్చింది. తలుపు దగ్గర టికెట్ చింపేటప్పుడు త్సురు కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి చిగుస చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. బెల్లం పిండి ఉండలు నూనెలో వేయించినవి.

"టీలోకి తిను. పొద్దున్న లేచి చేశాను."

"ఆసుపత్రికి పోయేరోజున ఇవి చేస్తూ కూర్చున్నారా!" అంది చిగుస గొంతు బాగా తగ్గించి.

"పొయ్యి ఆర్పే ముందు చివరిసారి ఏదో ఒకటి చెయ్యాలి కదా. అమ్మాయికి పొద్దున్నపూట ఫోన్ చెయ్యి. రాత్రి పనివాళ్ళు పొద్దున్నే ఇంటికొస్తారు, అప్పుడు ఎత్తుద్ది. నీ నడుం నొప్పికి ఆ పట్టీ మానకు." వానలోకి అడుగు పెట్టి మళ్ళీ తిరిగింది. "ఎవరితోనూ చెప్పకుండా ఉంచావు. మంచిపని చేశావు."

విమానం కదిలింది. చిగుస, మోరిహిదె చేతులు ఊపారు. ముందు అద్దంలోంచి త్సురు కూడా ఊపింది, పైలట్ పక్కన చిన్నపిల్లలా నిటారుగా కూర్చుని. మబ్బులో కలిసిపోయాక మోరిహిదె చేతులు దించాడు. చిగుస మాత్రం కాసేపు ఊపుతూనే ఉంది.

లోపలికి వస్తే కోమెసు బెంచీ మీదే ఉన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే కారు ఇంకో గంటకు గాని రాదన్నారట. చిగుస చేసేదిలేక ఫ్లాస్కు తెచ్చి ఆయనకే టీ పోసింది, పొట్లం విప్పి మధ్యలో పెట్టింది. ఆయన మొహం మాడ్చుకుని ఒకటి తీసుకున్నాడు. నమిలాక మొహం కాస్త విప్పారింది.

"త్సురక్క చేసినవా? చిన్నప్పుడు వాళ్ళ పెరట్లోంచి దొంగిలించేవాళ్ళం." ఇంకొకటి తీసుకున్నాడు. "అవునూ, నువ్వు ఆపినప్పుడల్లా ఇక్కడే కూర్చునేదట కదా. గంటలకొద్దీ ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"ఏవో కబుర్లు."

"ఏం కబుర్లు? మనిషి మాట్లాడగా నేనెప్పుడూ వినలా. ఒకే ఊళ్ళో పుట్టాం, ఆవిడ గురించి నాకేం తెలీదంటే నమ్ము. ఏం చెప్తుంది?"

చిగుస చెప్పబోయింది. నోరు తెరిచి, వెతుక్కుంది. తన కూతురు. తన నడుం. పైఆఫీసు. గది పైకప్పులో బూజు, కూతురి తండ్రి, అతని కొత్త కారు. అన్నీ తనవే. త్సురుకు పిల్లలున్నారో లేదో తెలియదు. ఆ ఊళ్ళో ఎంతకాలంగా ఒంటిగా ఉందో తెలియదు. అసలు పెద్ద దీవికి మాటిమాటికీ ఎందుకు వెళ్తోందో, ఆపిన ప్రతిసారీ ఎదురుగా కూర్చుని టీ పోసింది గాని, ఒక్కసారి కూడా అడగలేదు. సంచి పిడి తెగకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు. రాసిన అంకెలు మాత్రం తెలుసు.

"ఏమీ చెప్పదండీ," అంది. "నేను చెప్పనివ్వలేదు."

కోమెసు నమలడం ఆపాడు. ఆమె వైపు చూశాడు, తర్వాత కాటా వైపు, అటుపైన కిటికీలోంచి విమానం పోయిన వైపు. మొహంలో రంగు మారింది. "ఒంట్లో బాగోలేదా ఆవిడకి?"

చిగుస ఫ్లాస్కు మూత బిగించింది. ఆయన మళ్ళీ అడగలేదు. చేతిలో సగం కొరికిన ఉండను కాగితం మీద పెట్టి, "ఎవరున్నారని అన్నాను కదూ అందరి ముందూ," అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. బకెట్టులో చుక్కలు పడుతున్నాయి.

గడియారం చూసి చిగుస లేచింది. విమానం ఇప్పుడు దిగుతూ ఉంటుంది. కౌంటరు మీది ఫోన్ తీసి పెద్ద దీవి కౌంటరుకు కలిపింది. అటునుంచి ఎవరో కొత్త అమ్మాయి గొంతు పలికింది.

"ఇక్కడినుంచి చిగుసనండీ. ముందు సీట్లో ఒక పెద్దావిడ దిగుతారు. నీలం సంచి, పిడికి తాడు కట్టి ఉంటుంది. ఆ సంచి మీరు పట్టుకోండి. బస్సు కోసం నిలబడనివ్వకండి, టాక్సీ ఎక్కించండి, డబ్బులు నా పేరున రాయండి. ఎక్కేముందు ఒంట్లో ఎలా ఉందని అడగండి."

"అలాగేనండీ. ఇంకేమైనా చెప్పాలా?"

చిగుస రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం ఫర్వాలేదంటారు. ఆ మాట మాత్రం నమ్మకండి."